రెండో భాగం అలమారులో ఉంది

నవంబరు 3, శుక్రవారం

లైబ్రరీలో నా మంత్రాల కథల అలమారుకు తాళం పడింది. వేసింది పెద్ద మేడం, వేయించింది నా తోడికోడలు.

రెండో తరగతి పిల్లాడొకడు గొడుగు పట్టుకుని బెంచీ మీద నుంచి దూకి పన్ను ఊడగొట్టుకున్నాడు. ఎగరగలననుకున్నాడట. వాళ్ళ నాన్న వచ్చి అరిచి వెళ్ళాడు. అరవనీ, తండ్రి కదా. ఊడింది పాలపన్ను, ఇవాళ కాకపోతే రేపు ఊడేదే. ఆ మాట అనడానికి నేను నోరు తెరిచేలోపు స్టాఫ్ మీటింగులో ఈ మహాతల్లి లేచి నిలబడింది.

"మేడం, మా అక్క చాలా మంచిదండీ. కానీ ఎంతసేపూ ఎగిరే తివాచీలు, మాట్లాడే డ్రాగన్లు, మంత్రగత్తెలు. చిన్న బుర్రలు కదండీ, నిజమేదో అబద్ధమేదో వాటికేం తెలుస్తుంది? ఆ పుస్తకాలు కొన్నాళ్ళు పక్కన పెడితే అందరికీ మంచిది."

మా అక్క! ఇంట్లో పై వాటాలో నేను, కింది వాటాలో అది. పంపు నీళ్ళ దగ్గర ఏనాడూ రాని అక్క పిలుపు అక్కడ తేనె పూసుకుని వచ్చింది. నంగనాచి. మూడో తరగతి టీచరు కాబట్టి, పైగా నా సొంత తోడికోడలే చెప్పింది కాబట్టి, ఇంకెవరూ నోరెత్తలేదు. తాళంచెవి పెద్ద మేడం సొరుగులోకి వెళ్ళింది. నా చదువు పీరియడు మహాతల్లికి వెళ్ళింది, జనరల్ నాలెడ్జి చెబుతుందట. నేను లైబ్రరీలో కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకోవాలట.

ఈ బడిలో పిల్లలు నన్ను తర్వాతేమైంది టీచరు అంటారు. కథ అసలైన చోటికి వచ్చాక పుస్తకంలో వేలు పెట్టి మూసేస్తాను. తర్వాతేమైంది టీచర్ అని గది దద్దరిల్లేలా అరుస్తారు. ఎవరికి కావాలో వాళ్ళు తీసుకెళ్ళి చదువుకోండి అంటాను. చీకటంటే భయపడే వాడికి దీపం మింగిన డ్రాగన్ పుస్తకం. అందరి మీదా పెత్తనం చేసే పిల్లకి చెప్పిన మాటల్లా వినే బొమ్మల పుస్తకం, మూడో పేజీకల్లా ఆ బొమ్మలు తిరగబడతాయి. పిల్ల మొహం చూస్తే చాలు, చెయ్యి దానంతటదే సరైన పుస్తకం మీదికి వెళ్తుంది. అది నా ఒక్కదానికే వచ్చు. దాని మీద కొట్టింది.

చూస్తాను. దీని సంగతి చూస్తాను.

నవంబరు 4

అన్నం సయించలేదు.

నవంబరు 7, మంగళవారం

ఆయన సంధి మాటలు మొదలుపెట్టారు. "పోనీలే, చిన్నది. తెలియక అని ఉంటుంది" అన్నారు పేపరులోంచి తల ఎత్తకుండా.

"తెలియక అన్న మాట పెద్ద మేడం ముందే ఎందుకు వచ్చిందండీ?"

"నీకు పుస్తకాలేగా ముఖ్యం. అవెక్కడికీ పోలేదుగా."

ఆయనకు తమ్ముడంటే ప్రాణం. తమ్ముడి భార్య తప్పు చేసినా అది తెలియని తప్పే. నేను చేస్తే తెలిసిన తప్పు. ఇక మాట్లాడి లాభం లేదని గిన్నెలు తోముకున్నాను. ఒకదానికి సొట్ట పడింది.

నవంబరు 9

వరండాలో వెళ్తూ నా పీరియడు చూశాను. ఏ దేశానికి ఏ రాజధాని అని అడుగుతోంది. వెనక బెంచీ వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. తర్వాత ఏడుపొచ్చింది.

గొడుగు పిల్లాడు లైబ్రరీకి వచ్చాడు. "టీచర్, నీలం అట్టది, మచ్చలున్న గుర్రంది కావాలి" అన్నాడు నోట్లో సందు కనిపించేలా. ఏ పిల్లలూ పుస్తకం పేరు చెప్పరు, అట్ట రంగు చెబుతారు. తాళం వేశారు నాన్నా అన్నాను. "మంత్రంతో తెరవొచ్చుగా టీచర్" అన్నాడు. తెరవాలి. తెరిపించిన దాని చేతనే తెరిపించాలి. కాదు, వేయించిన దాని చేత. కోపంలో మాటలు కూడా తడబడుతున్నాయి.

నవంబరు 12, ఆదివారం

దొరికింది.

బైండింగు ఊడితే అంటిద్దామని తాళం పడక ముందే ఇంటికి తెచ్చిన పుస్తకం ఒకటి బీరువా మీద ఉండిపోయింది. పిల్లలు అమ్మ మారిపోయిన పుస్తకం అంటారు దాన్ని. రెండు భాగాలు. నా దగ్గరున్నది మొదటిది. రెండోది తాళం లోపల ఉంది.

మొదటి భాగం కథ ఇది. ఒక పాపకి వాళ్ళమ్మ మీద అనుమానం వస్తుంది. ముఖం అదే, గొంతు అదే, కానీ మునుపటి అమ్మ కాదు. పాట పాడదు, ఎప్పుడూ తొందర, పాప వైపు చూస్తుంది గానీ పాపను చూడదు. ఎవరో మంత్రగత్తె అమ్మ రూపంలో వచ్చిందని పాప కనిపెడుతుంది. మంచం చుట్టూ ఉప్పు పోసి, పాట పాడమని పరీక్షలు పెడుతుంది. చివరికి ఉపాయంగా ఆమెను వాకిట్లోకి పంపి తలుపు గడియ వేసేస్తుంది. బయట వాన. తలుపు తియ్యి తల్లీ, నేను మీ అమ్మనే అని బయటి నుంచి ఒకటే పిలుపు. అక్కడ మొదటి భాగం అయిపోతుంది.

రెండో భాగం మొదటి పేజీలోనే తెలుస్తుంది, బయట నిలబడ్డది నిజం అమ్మేనని. మంత్రగత్తె ఇంట్లోనే ఉంటుంది, పిల్లి రూపంలో.

మహాతల్లికి ఒక్కతే కూతురు, మా బుడంకాయ. రెండో తరగతి. ఆ పిల్లకి చదవడం రాదు. ఒత్తు కనబడితే ఆగిపోతుంది, గుణింతం దగ్గర కళ్ళనీళ్ళు. వాళ్ళమ్మ టీచరు కాబట్టి ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెబుతుంది, ఈ పిల్ల మీద మాత్రం అరుస్తుంది. కింది వాటా నుంచి ఆ అరుపులు నాకు రోజూ వినబడతాయి. బడిలో నవ్వు, ఇంట్లో గదమాయింపు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఇది పగ కాదు. పిల్లకి చదువు రావాలా వద్దా? ఆశ పెడితేనే వస్తుంది. ఆ ఆశ ఏ పుస్తకంతో పెట్టాలన్నది నా ఇష్టం, నా వృత్తి. నిజమేదో అబద్ధమేదో పిల్లలకు తెలియదంది కదా, తెలియకపోతే ఎలా ఉంటుందో ఇంట్లోనే చూసుకోనీ.

నవంబరు 13, సోమవారం

సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి మొదటి అధ్యాయం చదివాను. బుడంకాయ మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని వింది. పాప నిద్రపోతున్నట్టు నటిస్తూ ఒక కన్ను తెరిచి అమ్మ వైపు చూసిన చోట ఆపి, వేలు పెట్టి మూసేశాను.

"తర్వాతేమైంది పెద్దమ్మా?"

"నాకేం తెలుసే? అందులో ఉంది."

"నాకు రాదుగా."

"రాకపోతే మానెయ్."

లాక్కుంది. నా చేతిలోంచి లాక్కుంది! ఇన్నాళ్ళూ పుస్తకం చూస్తే పారిపోయే పిల్ల.

"అమ్మకి చెప్పకు, మన ఇద్దరి మధ్యే" అన్నాను. తల ఊపింది.

నవంబరు 16

బుడంకాయ బడి నుంచి రాగానే పైకి వచ్చేస్తోంది. వేలు కింద పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరాన్నీ గుంజుకుంటూ చదువుతోంది. ఇవాళ 'మంత్రగత్తె' దగ్గర ఆగి, మింగి, మళ్ళీ ఊపిరి పీల్చి, మొత్తం ఒక్కసారి అనేసింది. అని నా వైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టింది. నేను దాన్ని దగ్గరకు తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. అది వేరే సంగతి.

నవంబరు 18, శనివారం

మహాతల్లి బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వచ్చి నా పక్కన నిలబడింది. మీటింగు తర్వాత ఇదే మొదటిసారి.

"అక్కా, మా పిల్లకేమైనా అయిందంటావా? నన్ను అదోలా చూస్తోంది. నిన్న పాట పాడమంది. నాకిప్పుడు తీరికెక్కడిదే అన్నాను. ఊఁ అని తల ఊపి ఏదో గుర్తుపెట్టుకున్నట్టు వెళ్ళిపోయింది."

"పిల్లలన్నాక రోజుకో వేషం వేస్తారమ్మా" అన్నాను క్లిప్పు పెడుతూ.

"పొద్దున నా మంచం చుట్టూ ఉప్పు పోసింది. కాలికి గుచ్చుకుంటే చూశాను."

"ఉప్పే కదా, మంచిదే. చీమలు రావు."

లోపలికి వచ్చి తలుపు మూసుకుని నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. ఆయన ఏమిటంటే జలుబన్నాను.

నవంబరు 20

ఇవాళ కూడా పాట పాడలేదట. "రెండో గుర్తు కూడా సరిపోయింది పెద్దమ్మా" అంది బుడంకాయ గుసగుసగా. పుస్తకమే కదే అని ఒక మాట అంటే పోయేది.

అనలేదు. చదువు మధ్యలో పాడవుతుందని అనలేదు.

నవంబరు 21, మంగళవారం

బుడంకాయ వాళ్ళమ్మ చేత్తో కలిపిన ముద్ద తినడం మానేసింది. పైకి వచ్చి నా దగ్గర తింది. నేను కలిపి పెట్టాను. కింద నుంచి "ఏమే, ఎక్కడికి పోయావే" అని పిలుపు. పిల్ల పలకలేదు. నేనూ పలకలేదు.

తన దాకా వస్తే గానీ తెలియదంటారు. వచ్చిందిగా.

నవంబరు 23, గురువారం

సాయంత్రం. బుడంకాయ చివరి పేజీ చదివేసింది. తన నోటితో, తనంతట తను, ఒక పుస్తకం మొత్తం. మూసి, "రెండోది ఇవ్వు" అంది. నా దగ్గర లేదు అన్నాను. "తలుపు తీసిందా లేదా?" అంది. తెలియదు అన్నాను. మామూలుగా అనే మాటే అది, పిల్లలందరితో అనేదే. పిల్ల పుస్తకం చంకలో పెట్టుకుని కిందికి దిగింది. మొహం తెల్లగా ఉంది. ఆకలేమో అనుకున్నాను.

నవంబరు 24, శుక్రవారం

నిన్న రాయడం అయిపోయిందనుకుని డైరీ మూశాక జరిగింది. ఇవాళ పొద్దున రాస్తున్నాను.

చినుకులు పడుతుంటే ఆరేసిన బట్టలు తీయడానికి మహాతల్లి వాకిట్లోకి వెళ్ళింది. లోపల గడియ పడిన చప్పుడు నాకు పైకి వినబడింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే రెయిలింగు మీదికి వంగి చూశాను, కింద అది బట్టల మూట గుండెలకు అదుముకుని తలుపు కొడుతోంది.

"తలుపు తియ్యవే. తడిసిపోతున్నాను."

"నువ్వెవరు?"

"ఎవరేమిటే, అమ్మని!"

"అందరూ అలాగే అంటారు."

కడుపు నిండినట్టయింది నాకు. మీటింగులో తేనె పూసుకున్న ఆ నోరే ఇప్పుడు కీచుగా అరుస్తోంది. వాన పెద్దదైంది. అది తలుపు కొట్టడం ఆపేసింది. గడప మీద కూర్చుని తలుపుకు నోరు ఆనించి పాట మొదలుపెట్టింది. బుడంకాయ ఉయ్యాల నాటి జోలపాట. మధ్యలో మాటలు మర్చిపోయి ఊఁ ఊఁ అని లాగింది. లోపల పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది గానీ గడియ తీయడం లేదు.

అంతవరకూ వెళ్తుందని నేననుకోలేదు. వాన పడుతుందని నాకేమైనా ముందే తెలుసా?

మరిది వచ్చి కిటికీలోంచి బతిమాలితే తీసింది. కాసేపటికి తడి చీరతోనే మహాతల్లి మెట్లెక్కి వచ్చింది. చేతిలో పుస్తకం. మా లైబ్రరీ ముద్ర.

"దిండు కింద ఉంది. నువ్వే ఇచ్చావా అక్కా?"

"ఇచ్చాను. చదివిందిగా. మీ పిల్ల చదివిన మొదటి పుస్తకం అది."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే ఏమనాలో అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను. అది అరవలేదు.

"నన్ను ముట్టుకోనివ్వడం లేదక్కా. మంచం కింద దూరింది. తర్వాతేమైంది? రెండో భాగంలో ఏముంది?"

తర్వాతేమైంది! దాని నోటి వెంట ఆ మాట వింటానని నేను కలలో కూడా అనుకోలేదు.

"రెండో భాగం అలమారులో ఉంది. తాళం నువ్వే వేయించావుగా."

"నోటితో చెప్పొచ్చుగా."

"నేను ముగింపులు చెప్పను. నా పద్ధతి నీకు తెలియంది కాదు."

ఆయన పేపరు కింద పెట్టారు. "చెప్పెయ్" అన్నారు. పెళ్ళయినప్పటి నుంచి నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు. "చిన్నపిల్ల. వెళ్ళి చెప్పెయ్."

"రేపు బడిలో అలమారు తెరిపిస్తే చాలు. పుస్తకంలోనే ఉంది" అన్నాను. నా గొంతు నాకే బాగుంది, ఎంత నెమ్మదిగా వచ్చిందో. మహాతల్లి నా కాళ్ళ దగ్గర నేల తడిపి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన భోంచేయలేదు. నేను చేశాను.

నవంబరు 24, మళ్ళీ

గెలిచాను.

పొద్దున అసెంబ్లీ అవగానే టీచర్లందరి ముందూ పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మేడం, ఆ రోజు నేను తొందరపడ్డానండీ. ఆ పుస్తకాలు పిల్లలకు కావాలి. అక్క చేతే చెప్పించండి. పీరియడు అక్కకే ఇచ్చేయండి" అంది.

"ఇదేమిటి, నువ్వేగా వద్దన్నావు" అని పెద్ద మేడం కళ్ళజోడు తీశారు.

"మా పాప అందులోది ఒకటి మొత్తం చదివిందండీ. చదవడం రాని పిల్ల."

"తాళం వేశాక పుస్తకం ఎలా బయటికి వచ్చింది?"

పెద్ద మేడం మాట కాదని ఇచ్చానని తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలుసు. దానికీ తెలుసు. ఒక్క మాట చాలు. నేను దాని వైపు చూశాను. అది నా వైపు చూడలేదు.

"ముందే నేను తీసుకెళ్ళానండీ ఇంటికి. నేనే ఇచ్చాను" అంది.

తాళంచెవి నా చేతికి వచ్చింది. మధ్యాహ్నం వరండాలో ఎదురుపడితే, ఎందుకలా చెప్పావని అడిగాను. "ఊరుకో అక్కా, మన ఇంటి విషయం బయటెందుకు" అని రెండో భాగం తీసుకుని వెళ్ళిపోయింది.

చూశావా? ఓడిపోయి కూడా పైచేయి తనదే కావాలి. ఇదీ నాటకమే. ముల్లును ముల్లుతో తీశాననుకుంటే అది మళ్ళీ ఎక్కడో గుచ్చి పోయింది. నాకు దాని ఉపకారం అక్కర్లేదు. నేను అడగలేదు.

గెలిచాను కదా, నిద్ర పట్టాలి.

నవంబరు 28, మంగళవారం

నా పీరియడు. గది నిండా పిల్లలు. మచ్చల గుర్రం ఎగిరిన చోట ఆపితే అరుపులకు పైకప్పు లేచిపోయింది. గొడుగు పిల్లాడు వెనక్కి తిరిగి చూడకుండా పుస్తకంతో పరిగెత్తాడు. ఒక్కొక్కరికీ నా చెయ్యి ఆగకుండా తీసి ఇచ్చింది.

అందరూ వెళ్ళాక బుడంకాయ వచ్చింది. రెండు భాగాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"చదివావా?"

"అమ్మ చదివింది. నేను వద్దన్నా చదివింది. బయట ఉన్నది అమ్మే అంట."

"మరి బాగుందా?"

పిల్ల గౌను అంచు మడత పెడుతూ నిలబడింది. "అది అమ్మ మీద కోపంతో ఇచ్చావా పెద్దమ్మా?" అంది.

"ఛ, ఎవరు చెప్పారే? నీ కోసమే ఇచ్చాను."

"అమ్మ చెప్పలేదు. నేనే అనుకున్నా." తల ఎత్తింది. "అయితే ఇప్పుడు ఇంకోటి ఇవ్వు. అందరికీ ఇచ్చావుగా. మంత్రాలుండాలి. ఎవరి అమ్మా ఎక్కడికీ పోకూడదు."

అదెంత భాగ్యం అనుకుని అలమారు వైపు తిరిగాను.

దీపం మింగిన డ్రాగన్, తల్లి మొదటి పేజీలోనే చనిపోతుంది. చెప్పిన మాట వినే బొమ్మలు, తల్లి లేక ఆ పిల్ల వాటిని చేసుకుంటుంది. మచ్చల గుర్రం, తల్లిని వెతకడానికే బయలుదేరుతుంది. సముద్రం అడుగున తల్లి, రాయైపోయిన తల్లి, హంసైపోయిన తల్లి. అమ్మ ఇంట్లో ఉంటే పిల్లల్ని వేళ కాని వేళ అడవికి పోనిస్తుందా, అన్నం తిని పడుకోమంటుంది గానీ. అందుకే రాసేవాళ్ళందరూ ముందు ఆమెను తీసేస్తారు. ఇన్నేళ్ళుగా ఈ పుస్తకాలు చెబుతున్నాను, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

పై వరస అయింది. కింది వరస కోసం నేల మీద కూర్చున్నాను.

"దొరికిందా?"

"ఉండవే, చూస్తున్నా."

గంట కొట్టారు. రేపు ఇస్తానని చెప్పి పంపాను.

నవంబరు 29

దొరకలేదు. ఆ మాటే చెప్పాను.

"పర్లేదు, నేనుంటా. నువ్వు వెతుకు" అని బుడంకాయ కుర్చీ లాక్కుని కూర్చుంది. అందాకా చూడమని జంతువుల బొమ్మల పుస్తకం ఇచ్చాను. తెరవలేదు. కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుంది. అక్కడి నుంచి మూడో తరగతి గది కనబడుతుంది. నేను ఒక్కో పుస్తకం తీసి మొదటి పేజీ చూసి పక్కన పెడుతున్నాను, పిల్ల ఉండి ఉండి మెడ సాచి వాళ్ళమ్మ ఉందో లేదో చూసుకుంటోంది. ఉన్నట్టు తెలిశాక వెనక్కి ఆనుకుంటోంది. మళ్ళీ కాసేపటికి లేస్తోంది.